అన్నయ్య వాటా

ఇనుపకడ్డీని మూరెడు లోతుకు నేలలో దించి, దాని తలమీద బస్సు కమాను పట్టీ ముక్కతో అటూ ఇటూ గట్టిగా రాస్తున్నాడతను. రాసినప్పుడల్లా పళ్ళు జివ్వుమనిపించే మోత పుట్టి, కడ్డీ వెంట కిందికి దిగి, అరికాళ్ళ కింద మట్టి సన్నగా వణుకుతోంది. కాసేపు రాయడం, ఆగి నేలవంక చూడడం, మళ్ళీ రాయడం. అయిదో విడతకి మట్టి అక్కడక్కడ పగిలి వానపాములు ఒక్కొక్కటే తలలు బయటపెట్టాయి. వాటికి భూమి అదురుతోందనిపిస్తుందో, పెద్దవాన పడుతోందనిపిస్తుందో గానీ, ఎవరూ తరమకుండానే పాపం ఇల్లు వదిలి పైకొచ్చేస్తాయి.

పారతో తవ్వితే సగం తెగిపోతాయి. తెగినదాన్ని గాలానికి గుచ్చితే నీళ్ళలో కదలదు, కదలనిదాని జోలికి చేప రాదు. అందుకని చిన్నప్పటినుంచీ అతనిది ఈ కడ్డీ పద్ధతే. తల కనబడగానే లాగకూడదు. లాగితే మట్టిని గట్టిగా పట్టుకుని తెగనైనా తెగుతుంది గానీ రాదు. సగం ఒళ్ళు బయటికి వచ్చేదాకా ఆగి, రెండు వేళ్ళతో మెత్తగా పట్టుకుని, అది తనంత తాను పట్టు వదిలేదాకా కూర్చోవాలి. అతని వేళ్ళకి అంత ఓపికా ఉంది. ఆ ఓపిక మనుషుల దగ్గర మాత్రం ఉండదని ఇంటావిడ అంటూ ఉంటుంది.

బస్సులు కడిగే ర్యాంపు వెనక, ప్రహరీగోడ వెంట ఉంది ఆ జాగా. సబ్బూ నూనే కలిసిన నీళ్ళన్నీ సిమెంటు కాలవలో అటు పోతాయి. మొట్టమొదట దుమ్ము వదిలించడానికి కొట్టే మంచినీళ్ళు మాత్రం ఇటు జారి గోడ పక్కన ఇంకుతాయి. ఎండుటాకులూ కోసిన గడ్డీ తెచ్చి అక్కడే కుప్ప పోస్తారు. మండువేసవిలో కూడా ఆ నాలుగు గజాల నేల తడి ఆరదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ డిపోలో బస్సులు కడుగుతున్న మనిషికి ఉద్యోగంలో వచ్చిన లాభం ఏదైనా ఉందా అంటే ఆ నాలుగు గజాలే. దమ్మిడీ ఖర్చులేని ఎర, ఏడాది పొడుగునా. డిపోలో అందరూ అతన్ని వానపాములాయన అంటారు. మొదట్లో ముఖం చిట్లించుకునేవాడు. ఇప్పుడు సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే తననేనా అని వెనక్కి తిరిగి చూస్తాడు.

పక్కన రెండు రేకు డబ్బాలు పెట్టుకున్నాడు. ఒకటి తనది, ఒకటి అన్నయ్యది. రెండింట్లోనూ అడుగున తడిమట్టి, పైన గుప్పెడు ఆకులు. లావుగా ఉండి చురుకుగా మెలికలు తిరిగేవి అన్నయ్య డబ్బాలోకి వెళ్తాయి. సన్నవీ, బద్ధకస్తులూ తన డబ్బాలోకి. మరీ పిల్లవాటిని మళ్ళీ మట్టిలోకి వదిలేస్తాడు. అన్నయ్యతో పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. అయినా ఈ పంపకంలో ఒక్కరోజు కూడా తేడా రాలేదు.

కడ్డీ మీద మరో విడత మొదలుపెట్టాడో లేదో, భుజమ్మీద చెయ్యి పడి ఉలిక్కిపడ్డాడు. మొదటి సర్వీసు డ్రైవరు నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, ఎన్నిసార్లు పిలవాలి నిన్ను? ర్యాంపు మీంచి అరిచాను, ఇదిగో ఇక్కడికొచ్చి అరిచాను. గొంతు పోయింది."

"పిలిచావా? నాకు వినబడలేదే."

"ఎలా వినబడుతుంది, ఆ రంపపుకోత పెట్టుకుని కూర్చుంటే! ముందద్దం నిండా పిట్టరెట్టలు, కాస్త నీళ్ళు కొట్టి పెట్టు బాబూ. టైమైపోతోంది."

కడ్డీ పీకి, చేతులు దులుపుకుని, వెళ్ళి అద్దం కడిగాడు. డ్రైవరు మాట అప్పటికి ఒక చెవిన పడి ఇంకో చెవినుంచి పోయింది.

ఎనిమిదింటికి టీ వేళ. డిపో వెనక సందులోనే ఇల్లు. తండ్రి కట్టిన ఒక్క ఇంటిని మధ్యకి చీల్చి రెండు చేశారు. లోపల ఒంటి ఇటుక గోడ, పెరట్లో ఛాతీ ఎత్తు గోడ. ఇవతలి సగంలో అతనూ భార్యా ఉంటారు, కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. అవతలి సగంలో అన్నయ్య ఒక్కడే ఉంటాడు. ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుడతాడు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే కొలతలు కుదర్లేదనేవాడు. ఒంటి ఇటుక గోడ కనక ఇటు గిన్నె పడితే అటు వినబడుతుంది, అటు మిషను తొక్కితే ఇటు వినబడుతుంది. అన్నయ్య ఎన్నింటికి లేచాడో, ఎన్నింటికి పడుకున్నాడో, పని ఎక్కువుందో తక్కువుందో ఆ మిషను చప్పుడే అతనికి చెప్పేది. మూడు రోజులుగా ఆ చప్పుడు లేదు. దగ్గు మాత్రమే వినబడుతోంది.

భార్య నర్సింగ్‌హోములో ఆయా. డ్యూటీకి వెళ్ళడానికి సంచి సర్దుకుంటూ, అతన్ని చూసి ఆగింది.

"బావగారికి దగ్గు తగ్గలేదు. పాలు కాచి ఇచ్చొచ్చాను, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశారు. ఆస్పత్రికి రండంటే సాయంత్రం చూద్దాంలే అమ్మా అంటున్నారు. మీరొక్కసారి లోపలికెళ్ళి చూడండి."

"నన్ను పిలిచాడా?"

"పిలవాలా?"

"పిలిస్తే వెళ్తాను."

"పంతొమ్మిదేళ్ళనుంచీ ఇదే పాట. మీ ఇద్దరి మధ్యా నిలబడినందుకు ఆ గోడైనా సిగ్గుపడుతుందేమో గానీ మీకు మాత్రం లేదు" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. పిలవడం దగ్గరే వచ్చింది తగువంతా.

అప్పుడు అమ్మ మంచంలో ఉంది. ఆ రోజు కాస్త తేరుకున్నట్టే కనబడింది. పొద్దస్తమానం నా మొహం చూస్తూ కూర్చోకండి, వెళ్ళండర్రా అని కొడుకులిద్దర్నీ తనే కసిరింది. ఇద్దరూ గాలాలు తీసుకుని కాలవకి వెళ్ళారు. ఆ వేళ చేపలు ఎగబడ్డాయి. చూస్తుండగానే ఎర అయిపోయింది. ఒరేయ్ చిన్నోడా, ఇంకో గుప్పెడు తీసుకురారా అన్నాడు అన్నయ్య. చిన్నప్పటినుంచీ ఏర్పాటు అదే. బెండు చెక్కడం, గాలం కట్టడం పెద్దవాడి పని, ఎర తేవడం చిన్నవాడి పని. అతను కడ్డీ తీసుకుని గట్టు దిగి అవతలికి వెళ్ళాడు. గుప్పెడు పోగయి తిరిగొచ్చేసరికి అన్నయ్య లేడు, గాలం మాత్రం ఒడ్డున పడి ఉంది. చేపల వెంట దిగువకి వెళ్ళి ఉంటాడనుకుని, ఎర గుచ్చి తీరిగ్గా కూర్చున్నాడు. గంట కూర్చున్నాడు. జానెడు చేప ఒకటి పడింది కూడా.

దాన్ని పుల్లకి గుచ్చి పట్టుకుని ఇంటికొస్తే గుమ్మం నిండా జనం. అమ్మ పోయింది. చిన్నోడేడీ, చిన్నోడేడీ అని రెండుసార్లు అడిగిందట. పక్కింటాయన సైకిలు మీద కబురు తెస్తే అన్నయ్య ఒక్కడూ వచ్చేశాడు. నన్నెందుకు పిలవలేదని అడిగాడతను. గట్టెక్కి పిలిచాను, నువ్వు పలకలేదు, ఆలస్యమైపోతుందని వచ్చేశాను అన్నాడు అన్నయ్య. పిలిస్తే వినబడకపోవడానికి నేనేమన్నా చెవిటివాణ్ణా అన్నాడు అతను. పిలిచానంటే పిలవలేదని, అంత జనంలో, అమ్మ ముందే మాటా మాటా పెరిగింది. అమ్మ ఆఖరిచూపు తనకి దక్కకుండా చేశాడని అన్నయ్య మీద కక్ష. తన మాట నమ్మని తమ్ముడి మీద అన్నయ్యకి అలక. నెల తిరక్కుండానే గోడ లేచింది.

మాటలు ఆగాయి గానీ ఎర ఆగలేదు. గోడ లేచిన వారానికి అతను మళ్ళీ కడ్డీ పట్టుకున్న రోజున, చేతులు అలవాటు కొద్దీ రెండు డబ్బాలు నింపేశాయి. నింపాక పారబొయ్యడానికి మనసొప్పలేదు. పెద్దవాడి డబ్బా తెచ్చి పెరటిగోడ మీద పెట్టి లోపలికి పోయాడు. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయి, కడిగి బోర్లించి అదే గోడమీద ఉంది. అప్పటినుంచీ రోజూ అంతే. అతను కాలవకి సాయంత్రాలు వెళ్తాడు. ఎదురుపడకూడదని అన్నయ్య మధ్యాహ్నాలు వెళ్ళి వస్తాడనుకునేవాడు. ఇటునుంచి ఎర వెళ్తే అటునుంచి ఏడాదికి రెండు చొక్కాలు వచ్చేవి. టేపు పెట్టి కొలిచింది లేదు, రమ్మని పిలిచింది లేదు. అయినా అతను సన్నబడితే చొక్కా సన్నబడేది, ఈమధ్య భుజం కాస్త వంగితే చొక్కా భుజమూ దానికి తగ్గట్టే వచ్చింది. గోడకి అటుపక్క నిలబడి అన్నయ్య తనని ఎంత శ్రద్ధగా చూస్తే అలా కుదురుతుందన్నది అతనెప్పుడూ ఆలోచించలేదు. బాగా కుట్టాడు, తొడుక్కున్నాడు, అంతే.

ఆ పొద్దున కూడా డబ్బాని గోడమీద పెట్టి, పెట్టినట్టు తెలియడానికి గట్టిగా గొంతు సవరించుకున్నాడు. అటునుంచి దగ్గు వినబడింది. ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఆ దగ్గులో ఏమైనా మాట ఉందేమోనని చూశాడు. లేదనిపించి, టీ తాగి డిపోకి వెళ్ళిపోయాడు.

పదిన్నరకి మొదటి సర్వీసు తిరిగొచ్చింది. అతను ఇంకో బస్సు వెనక చక్రాల దగ్గర వంగి, పంపు పట్టుకుని బురద వదిలిస్తున్నాడు. నీళ్ళు ఒక్కసారిగా ఆగిపోతే తల ఎత్తాడు. డ్రైవరు పంపు కట్టేసి నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ వినబడలేదు కదూ? పొద్దున్నా ఇంతే. ఆ కడ్డీ రాసేటప్పుడు నీ పక్కన పిడుగు పడ్డా తెలీదయ్యా నీకు."

వానపాములాయన చేతిలో గొట్టం అలాగే ఉంది. నీళ్ళు దాని మూతినుంచి చుక్కలుగా పడుతున్నాయి. దాన్ని కింద పెట్టి, "నువ్వు ఒక్కసారి నాతో రా" అన్నాడు.

గోడవెంట జాగాకి తీసుకెళ్ళాడు. ర్యాంపు అంచున డ్రైవర్ని నిలబెట్టి, తను వెళ్ళి కడ్డీ దించి అతనికి ఎదురుగా కూర్చున్నాడు.

"నేను రాస్తూ ఉంటాను. నువ్వు పిలువు."

"ఏమని?"

"ఏదో ఒకటి. గట్టిగా పిలువు. దూరంగా ఉన్నవాణ్ణి పిలిచినట్టు."

ఎండదెబ్బ తగిలిందేమోనని అనుమానంగా చూశాడు గానీ డ్రైవరు మంచివాడు, సరేనన్నాడు. అతను కడ్డీ రాశాడు. డ్రైవరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నోరు తెరుచుకోవడం కనబడింది. మెడ నరాలు ఉబ్బడం కనబడింది. మాట మాత్రం రాలేదు. చెవుల్లో, దవడల్లో, మోచేతుల్లో కడ్డీ మోత ఒక్కటే నిండి ఉంది. అతను రాస్తూనే ఉన్నాడు. డ్రైవరు మళ్ళీ నోరు తెరిచాడు, మళ్ళీ తెరిచాడు.

"మూడుసార్లు పిలిచా. విన్నావా?" అన్నాడు డ్రైవరు దగ్గరికొచ్చి.

కళ్ళెదుట, ఇరవై అడుగుల దూరంలో నిలబడి పిలిచిన పిలుపది. ఆ రోజు మధ్యలో కాలవగట్టు కూడా ఉంది. ఇదే కడ్డీ, ఇదే రాపిడి. ఎదురుగా ఉన్న ఈ చిన్న సంగతి ఇన్నేళ్ళుగా, రోజూ పొద్దున్నే చేత్తో పట్టుకుని కూడా, తన బుర్రకి తట్టలేదు. వినబడలేదు కనక పిలవలేదన్నాడు. ఎప్పుడూ అబద్ధమాడని మనిషిని అమ్మ శవం ముందు నిలబెట్టి అబద్ధాలకోరన్నాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. అక్కడే ఆకుల కుప్పమీద కూర్చుండిపోయాడు.

"ఏమైందయ్యా?"

"పిలిచే ఉంటాడు" అన్నాడు.

"ఎవరు?"

అతను లేచి మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళాడు.

అప్పుడే వెళ్ళిపోవలసింది. ఇల్లు ఎంత దూరం, సందు మలుపు తిరిగితే వస్తుంది. కానీ ర్యాంపు మీద మూడు బస్సులు వరసలో ఉన్నాయి, రెండింటికల్లా అవి రోడ్డెక్కాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పని మధ్యలో వదిలి వెళ్ళింది లేదు. అది పైకి చెప్పుకునే కారణం. వెళ్ళి ఏమనాలో తెలియకపోవడం అసలు కారణం. తప్పయిపోయిందనాలంటే నాలిక తిరగలేదు. నువ్వు పిలిచావన్నయ్యా అని మొదలుపెడదామంటే, ఆ అన్నయ్యా అన్న మాటే పెదవి దాటడంలేదు. మొదటి బస్సు చక్రాలు అయ్యేసరికి ఒక మాట కూర్చుకున్నాడు, రెండో బస్సు దగ్గర దాన్ని చెరిపేశాడు. మూడో బస్సుకి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఏమీ అనక్కర్లేదు, తలుపు తోసుకుని వెళ్ళి పద ఆస్పత్రికి అనాలి. దారిలో, పక్కపక్కన నడుస్తున్నప్పుడు, మొహం చూడక్కర్లేకుండా చెప్పెయ్యచ్చు. ఆ ఏర్పాటు అతనికి నచ్చింది. మనసు ఎంత తేలికపడిందంటే, ఆ బస్సుని మామూలుకంటే శుభ్రంగా కడిగాడు.

రెండు దాటి అయిదు నిమిషాలకి ఇంటికొచ్చాడు. పెరటిగోడ మీద డబ్బా తను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. పైనున్న ఆకులు ఎండకి ముడుచుకుపోయాయి.

చెప్పుల కాళ్ళతోనే వెనక్కి తిరిగి, సందులోంచి చుట్టూ వెళ్ళి, అన్నయ్య వీధి తలుపు తోశాడు. గడియ పెట్టిలేదు. గదిలో బట్టల వాసన, కొత్త దారం వాసన. మిషను కింద ఎవరో ఆడపిల్ల గౌను సగం కుట్టి ఉంది. పాల గ్లాసు మీద మీగడ కట్టింది. వెనకవైపు కిటికీ పక్కన కుర్చీలో, పెరటిగోడకి ఎదురుగా, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు అన్నయ్య. తల కాస్త పక్కకి వాలింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయిందని గోడమీంచి చూసినప్పుడు తెలియలేదు.

"అన్నయ్యా."

అంత కష్టమనుకున్న మాట ఇట్టే వచ్చేసింది. వాలిన తల లేవలేదు.

"అన్నయ్యా" అన్నాడు మళ్ళీ. మూడోసారి సందు చివరికి వినబడేంత గట్టిగా పిలిచాడు. తర్వాత వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఆ రోజు నువ్వు పిలిచావు. కడ్డీ రాస్తున్నానన్నయ్యా, నాకు వినబడలేదు" అన్నాడు. చెప్పవలసింది అంతే. ఆ చల్లటి చెయ్యి వదలకుండా అదే మాట మళ్ళీ చెప్పాడు, పసివాడిలా ఏడుస్తూ ఇంకోసారి చెప్పాడు.

పక్కవీధి కాంపౌండరు వచ్చి, నాడి పట్టుకుని చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, మూడు గంటలై ఉంటుందన్నాడు. అంటే పదకొండు. పదకొండింటికి తను మొదటి బస్సు చక్రాలు కడుగుతూ మాటలు కూర్చుకుంటున్నాడు. ఆ మూడు బస్సులూ కడక్కపోతే ఏమయ్యేది? దుమ్ముతోనే తిరిగేవి. సాయంత్రం ఆకాశం మబ్బుపడితే వానే కడిగిపెట్టేది. ఈ ఆలోచన ఇక బతికినంతకాలం తనని వదలదని అతనికి అప్పుడే అర్థమైంది.

కబురందుకుని భార్య వచ్చింది. బావగారి కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నలుగురూ చేరాక, కుర్చీలోంచి పడుకోబెట్టడానికి మంచం కావాలంటే అతను వెనక వసారాలోకి వెళ్ళాడు. మంచం గోడకి చేరేసి ఉంది. దాని పైన, రెండు మేకుల మీద అన్నయ్య గాలపుకర్ర. దుమ్ము పొరగా పేరుకుంది. తాడు ముట్టుకుంటే పొడిలా రాలింది. గాలం తుప్పు పట్టి సగానికి విరిగిపోయింది.

అతను అక్కడే నిలబడిపోయాడు. ఎంతకీ రాకపోతే భార్య వెనకే వచ్చింది.

"అన్నయ్య కాలవకి ఎప్పుడు వెళ్ళడం మానేశాడు?"

"అత్తయ్య పోయిన రోజునుంచీ వెళ్ళలేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ రోజూ ఆ డబ్బా..."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేనూ అడిగాను. ఎందుకు బావగారూ, అక్కర్లేదని ఆయనతో చెప్పేస్తాను అన్నాను. వద్దంటే వాడు తేవడం మానేస్తాడమ్మా అన్నారు. మీకు చెప్పనని నాచేత ఒట్టు పెట్టించుకున్నారు. వాడు ఏరి తెచ్చిన వాటిని చంపడం ఎందుకని అదిగో, ఆ మూల తొట్టిలో పెంచుకునేవారు. నిండిపోతే పెరట్లో వదిలేసేవారు."

ఆవిడ చూపించిన మూలకి వెళ్ళి వంగాడు. తొట్టిమీది గోనెపట్టా అంచు ఎత్తి, మట్టిలోకి వేళ్ళు దించాడు. జల్లెడ పట్టినంత మెత్తటి నల్లమట్టి. వేళ్ళ మధ్య ఎన్నో, ఎన్నెన్నో కదిలాయి. చాలాసేపు చెయ్యి అలాగే ఉంచి, మెల్లిగా తీసి, పట్టా మళ్ళీ ఎప్పటిలా సర్ది కప్పాడు. లోపలినుంచి మంచం కోసం ఎవరో పిలుస్తుంటే భార్యా అతనూ చెరొకవైపు పట్టుకుని మోసుకెళ్ళారు.

వసారా మూల, ఎండ తగలనిచోట, పాత మిషను బల్ల చెక్కలతో చేసిన ఆ తొట్టి అలాగే ఉంది. దానిమీది గోనెపట్టా, పొద్దున అన్నయ్య చల్లిన నీళ్ళతో ఇంకా తడిగానే ఉంది.